సీటు బెల్టుకు కూడా ఒక చరిత్ర ఉంది

కార్తీకమాసంలో మనవాళ్ళ కార్లు వరుసగా తిరుపతి దారి పడతాయి. ముందు కూర్చున్నవాళ్ళు పోలీసులకు భయపడి బెల్టు పెట్టుకుంటారు. వెనక కూర్చున్న పెద్దమ్మలు, బామ్మలు మాత్రం "మాకెందుకురా అది" అంటారు. ఆ "ఎందుకు"కు జవాబు చరిత్రలోనే ఉంది.

1950ల్లో కొన్ని కార్లలో బెల్టు నడుముకు మాత్రమే ఉండేది. గుద్దుకున్నప్పుడు పైశరీరం ముందుకు వంగి తల స్టీరింగుకు తగిలేది, కొందరికి పొట్టలోని అవయవాలు దెబ్బతినేవి. స్వీడన్ ఇంజనీరు నీల్స్ బోలిన్ అప్పటికి విమానాల్లో పైలట్లను బయటికి ఎగరేసే సీట్ల మీద పనిచేసి ఉన్నాడు. 1958లో వోల్వోలో చేరాడు. మరుసటి ఏడు, భుజం మీదుగా ఒక పట్టీ, నడుము మీదుగా ఒక పట్టీ, రెండూ తుంటి పక్కన ఒక్క చోట కలిసేలా, ఒంటిచేత్తో పెట్టుకునేలా తయారుచేశాడు. దెబ్బ బలాన్ని ఛాతీ ఎముకలు, తుంటి ఎముకలు మోస్తాయి. మెత్తటి పొట్టకు ఆ భారం ఉండదు. ఈ పేటెంటును వోల్వో తన దగ్గరే దాచుకోకుండా మిగతా కంపెనీలు కూడా వాడుకోనిచ్చింది. ఇవాళ మన కార్లలో ఉన్నది ఆ బెల్టే.

బెల్టు తయారైంది సరే, జనం పెట్టుకోవాలి కదా! అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లలో బెల్టులు తప్పనిసరి చేశారు, అయినా చాలామంది వాడలేదు. 1974 మోడల్ కార్లలో బెల్టు పెట్టుకోకపోతే ఇంజను స్టార్టు కాకుండా చేశారు. జనం మండిపడ్డారు. అదే ఏడు వాళ్ళ పార్లమెంటు ఆ పద్ధతిని రద్దు చేసింది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం మాత్రం 1970లోనే బెల్టు పెట్టుకోవడాన్ని చట్టం చేసింది. ప్రపంచంలో అదే మొదటిది.

మన దేశంలో ముందు సీట్ల బెల్టులు 1990ల్లో తప్పనిసరయ్యాయి, వెనకవాటికి 2002 దాకా ఆగాల్సి వచ్చింది. వెనక కూర్చున్నవాళ్ళూ పెట్టుకోవాలన్న నియమం చాలాకాలంగా ఉన్నా కాగితాల మీదే ఉండిపోయింది. 2019 సవరణ చట్టంతో జరిమానా వెయ్యి రూపాయలైంది. 14 ఏళ్ళ లోపు పిల్లలకు కూడా బెల్టో, పిల్లల సీటో ఉండాలి. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర వెనక సీట్లో ఉన్న సైరస్ మిస్త్రీ చనిపోయాక దేశమంతా ఈ నియమం గుర్తుకొచ్చింది.

మరి మనమేం చేశాం? అలారం గోల పడలేక, బెల్టు లాక్‌లో దూర్చే ఉత్తి క్లిప్పులు కొన్నాం! వాటిని అమ్మే ఆన్‌లైన్ సంస్థలపై 2023లో కేంద్ర వినియోగదారుల సంస్థ ఉత్తర్వులు ఇవ్వాల్సి వచ్చింది. 1974లో అమెరికావాడి కోపానికీ, ఈ క్లిప్పుకూ పెద్ద తేడా లేదు.

ఒక్క లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు గోడను గుద్దితే, మూడంతస్తుల మేడ మీంచి కిందపడ్డంత దెబ్బ. వెనక సీట్లో బెల్టు లేని మనిషి అదే వేగంతో ముందున్న డ్రైవరు మీద పడతాడు. కాబట్టి బామ్మ బెల్టు బామ్మ ఒక్కదాన్నే కాదు, కారు నడుపుతున్న మనవణ్ణి కూడా కాపాడుతుంది. ఎయిర్‌బ్యాగు ఉందిలే అనుకోకండి. అది బెల్టుకు తోడే, బదులు కాదు. బెల్టు లేకుండా దాని మీద పడితే ఆ బ్యాగే దెబ్బ కొట్టవచ్చు.

ఈసారి యాత్రకు బయలుదేరే ముందు ఒక పని చేయండి. సీటు కవర్ల కింద ఇరుక్కుపోయిన వెనక లాకులను బయటికి తీయండి. నడుము పట్టీ పొట్ట మీద కాదు, కిందికి తుంటి మీద ఉండాలి. గర్భిణులకు కూడా అంతే, పట్టీ పొట్ట కిందుగా పోవాలి. భుజం పట్టీని చంక కిందికి తోయకండి. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని బెల్టు బిగించకండి. అందరూ పెట్టుకున్నాకే బండి కదిలించమని డ్రైవరుకు చెప్పండి.

క్షేమంగా వెళ్ళి లాభంగా రండి.