వేసి చూడాలమ్మా!

పాతికేళ్ల కిందటి మాట. మా పిన్నికి పెద్దపేగులో క్యాన్సరని తేలినప్పుడు ఆవిడ డాక్టరుగారిని ఒక్కటే అడిగింది: "ఈ మందు నా ఒంటికి పడుతుందా బాబూ?"

ఆయన కాసేపాగి, "వేసి చూడాలమ్మా" అన్నారు.

వేసి చూశారు. మూడు నెలలు చూశారు. నోరంతా పూసింది, అన్నం సయించలేదు, గడ్డ మాత్రం తగ్గలేదు. "నా ఒంటిమీద కాకుండా ఇంకెక్కడైనా వేసి చూడకూడదుటే?" అనేది పిన్ని. నేనేం చెప్పను?

ఆ ప్రశ్నకి జవాబు వెతికినవాళ్ల కథ చాలా ఏళ్లకి చదివాను. మీకూ చెప్పాలనిపించింది.

నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ అనే ఊరుంది. అక్కడి హుబ్రెక్ట్ సంస్థలో హన్స్ క్లెవర్స్ బృందం 2007లో ఎలుక పేగులోని మూలకణాలను గుర్తుపట్టింది. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతూ ఉంటుంది; అదంతా ఈ కణాల చలవే. అక్కడికి జపాన్ నుంచి తొషిరో సాటో అనే వైద్యుడు వచ్చాడు. ఒక్క మూలకణాన్ని తీసి, జెల్లీలాంటి పదార్థంలో ఉంచి, అది ఎదగడానికి కావలసినవన్నీ అందించాడు. అది బుల్లి పేగులా ఎదిగిందని 2009లో ప్రకటించారు! చెంచాడు తోడుతో గిన్నెడు పాలు పెరుగవడం రోజూ చూసే మనకి ఇందులో వింతేముందనిపిస్తుంది. కానీ అంతకు ముందు పేగు కణాలు గాజుపళ్లెంలో ఎక్కువకాలం నిలిచేవి కావు మరి.

2011లో మనిషి పేగు కణాలనూ, పెద్దపేగు క్యాన్సర్ కణాలనూ ఇలాగే పెంచారు. వీటినే ఆర్గనాయిడ్లంటారు. 2015లో 20 మంది రోగుల గడ్డలనుంచి పెంచినవాటిని భద్రపరచి, వాటిమీద రకరకాల మందులు వేసి చూశారు. 2018లో లండన్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. జీర్ణకోశ క్యాన్సర్ ముదిరిన రోగుల గడ్డముక్కల్ని పెంచి, పళ్లెంలో వచ్చిన ఫలితాన్నీ, ఆ రోగికే అదే మందు ఇస్తే వచ్చిన ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. పళ్లెంలో పనిచేయని మందు ఏ రోగికీ పనిచేయలేదు. పళ్లెంలో పనిచేసిన మందు నూటికి 88 వంతులు మనిషికీ పనిచేసింది.

చిక్కులు లేకపోలేదు. చూసిన రోగులు కొద్దిమందే. ఆ బుల్లి గడ్డలకి రక్తనాళాలుండవు. ఎదగడానికి వారాలు పడుతుంది, కొందరివి అసలు ఎదగవు. అందుకే ఇది ఇంకా ప్రతి ఆసుపత్రిలో దొరికే పరీక్ష కాలేదు.

రాత్రి పాలు తోడు పెడుతుంటే ఒక్కోసారి పిన్ని గుర్తొస్తుంది. బడి ముఖం చూడని మనిషి, బాధకొద్దీ ఏదో అడుగుతోందనుకున్నాను అప్పుడు. అంత చదువుకున్నవాళ్లూ చివరికి ఆవిడ ప్రశ్నే పట్టుకున్నారు.