గుబేకౌ గోడకు మరమ్మతు వద్దన్న చక్రవర్తి

1691లో గుబేకౌ సేనాధిపతి ట్సాయ్ యువాన్ తన పరిధిలోని మహాకుడ్యం చాలాచోట్ల కూలిందనీ, బాగు చేయించాలనీ విన్నవించుకున్నాడు. కాంగ్‌షీ చక్రవర్తి ఒప్పుకోలేదు. ఛిన్ కాలం నుంచి కడుతూనే ఉన్నా దండయాత్రలు ఆగలేదనీ, ప్రజలు సుఖంగా ఉంటే సరిహద్దు దానంతటదే గట్టిపడుతుందనీ ఆయన వాదన. ధర్మపన్నాలకేం గాని, 1629లో ఇదే గోడను మరో చోట ఛేదించి బీజింగ్ మీదికి వచ్చిన మంచూ పాలకుడు హాంగ్ తైజీకి ఆయన స్వయానా మనవడు. గోడ బలమెంతో ఆ ఇంటివాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

గుబేకౌ బీజింగ్‌కు ఈశాన్యంగా, మియున్ జిల్లాలో ఉంది. చావో నది కొండలను చీల్చుకుని వచ్చే కనుమ అది. ఉత్తరపు గడ్డిభూముల నుంచి రాజధానికి దగ్గరి దారుల్లో ఒకటి. నదికి పడమట వోహూ కొండ, తూర్పున పాన్‌లాంగ్ కొండ. ఆరో శతాబ్దపు ఉత్తర ఛీ రాజ్యం వాళ్లు కట్టిన గోడ ఆనవాళ్లు కూడా ఇక్కడ ఉన్నాయి. పాన్‌లాంగ్ మీద ఇప్పుడు నడవగలిగేది మింగ్ కాలపు గోడ. దాన్ని పట్టుకుని తూర్పుగా జిన్‌షాన్‌లింగ్ దాకా వెళ్లవచ్చు. దారిలో సైనిక ప్రాంతం అడ్డొస్తుంది కాబట్టి ఒకచోట గోడ దిగి, లోయ చుట్టి, మళ్లీ ఎక్కక తప్పదు.

చాలాచోట్ల పిట్టగోడలు లేవు. పైన పరిచిన ఇటుకలు లేచిపోయి, పొదల మధ్య ఒక మనిషి పట్టేంత కాలిబాట మిగిలింది. పక్క ఇటుకలు ఊడినచోట గోడ కడుపు బయటపడుతుంది: మట్టి, రాళ్లు, సున్నం. వాననీరు లోపల ఇంకితే ఆ మట్టి ఉబ్బి ఇటుకలను బయటికి నెడుతుంది. కట్టినవాళ్లకు ఇది తెలుసు. అందుకే నీరు పోవడానికి రాతి తూములు పెట్టారు, అవీ ఎక్కువగా శత్రువుకు ఆసరా దొరకకుండా లోపలి వైపునే. మన కోటల గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపినట్టు, మింగ్ కట్టడాల్లో సున్నానికి జిగురు బియ్యపు గంజి కలిపేవారు. ఇటుక పగిలినా ఆ అతుకు వదలని చోట్లు ఉన్నాయి.

ఈ గోడ వెనుక ఒక పరాభవం ఉంది. వర్తకానికి అనుమతి అడిగి అడిగి విసిగిన మంగోలు నాయకుడు ఆల్తాన్ ఖాన్ 1550లో గుబేకౌ వైపు నుంచి చొరబడి బీజింగ్ శివార్లను దోచుకున్నాడు. యుద్ధ మంత్రి డింగ్ రూకుయికి మరణశిక్ష పడింది. తీరప్రాంతంలో సముద్రపు దొంగలను అణచిన ఛీ జిగ్వాంగ్‌ను 1568లో ఇక్కడికి రప్పించారు. ఆయనా, పై అధికారి తాన్ లున్ కలిసి గోడ పొడవునా లోపల గదులున్న బురుజులను వెయ్యికి పైగా లేపించారు. కింద ఇటుక కమానుల గదులు, బాణాలకు కిటికీలు, పైన కావలి మిద్దె. తిండీ మందుగుండూ లోపలే. అంతకుముందు సైనికులు ఎండావానల్లో గోడ మీదే నిలబడేవారు.

1571లో మింగ్ దర్బారు ఆల్తాన్‌కు బిరుదిచ్చి, సంతలు తెరిచింది. ఇరవై ఏళ్ల ముందే ఇచ్చి ఉంటే పోయేది. తూర్పు మంగోలులు ఆ ఒప్పందంలోకి రాలేదు కాబట్టి పని ఆగలేదు; పడమట దొరికిన శాంతి దానికి వెసులుబాటిచ్చింది. జిన్‌షాన్‌లింగ్ ఇటుకల మీద 1577, 1578 నాటి రాజ్య సంవత్సరాలు, వాటిని చేసిన సైనిక దళాల పేర్లు అచ్చుగుద్ది ఉన్నాయి.

కాంగ్‌షీ వద్దన్న తర్వాత గోడ దానిమానాన అది ఉండిపోయింది. 1793లో బ్రిటిష్ రాయబారి మెకార్ట్‌నీ బృందం ఇక్కడ ఆగి కొలతలు తీసుకుంది. 1933 మార్చిలో జపాను సేనలతో చైనా సైనికులు ఈ కొండల మీదే పోరాడారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇటుకలు ఇళ్ల గోడల్లోకి చేరాయి.

2006 నాటి చట్టం సందర్శనకు తెరవని భాగాల్లో యాత్రలు నడపడాన్ని నిషేధించింది. మరమ్మతు పేరుతో జరిగే చెరుపు వేరు. లియావోనింగ్ రాష్ట్రంలోని షియావ్‌హెకౌ వద్ద గోడ పైభాగాన్ని కాలిబాటలా చదును చేసేశారని 2016లో బయటపడి పెద్ద దుమారం రేగింది. తర్వాత జియాన్‌కౌ దగ్గర గోడకు చేసిన మరమ్మతుల్లో కూలిన పాత ఇటుకలను ఏరి వాడారు, సామాను కంచరగాడిదల మీద మోయించారు. పాన్‌లాంగ్ గోడకు అంత పని కూడా అక్కర్లేదనిపిస్తుంది: ముందు పూడిన తూములు తెరిచి, కీళ్లలో దిగిన వేళ్లు తీస్తే చాలు.