తెల్లగోడలో నీలం

1787లో ఇటలీ తిరుగుతున్న జర్మన్ కవి గోథే, పలెర్మో దగ్గర సున్నపు బట్టీల గోడలకు గాజులా పేరుకున్న నీలిముద్దలు చూశాడు. ఊరివాళ్ళు వాటిని అలంకరణకు వాడుకునేవారట. సున్నంలోంచి నీలం పుట్టడమేమిటి! ఇక్కడ తాండూరు దగ్గర కరణ్‌కోటలో నీలం కలిపాకే కదా సున్నం తెల్లబడేది.

అప్పట్లో ఆ నీలం కావాలంటే బదక్షాన్ గనుల లాపిస్ లాజులి రాయిని నూరాల్సిందే. 1814లో ఫ్రాన్స్‌లోని ఒక సోడా కొలిమిలోనూ నీలం తేలింది. వోక్లాన్ అనే రసాయనవేత్త పరీక్షించి, రెండూ ఒకే తీరువన్నాడు. ఇక వేట మొదలైంది. చవగ్గా చేసి చూపినవారికి 6,000 ఫ్రాంకులిస్తామని 1824లో అక్కడి పరిశ్రమల ప్రోత్సాహక సంఘం చాటింది. 1828లో గీమే అనే ఫ్రెంచి రసాయనవేత్త దాన్ని గెలుచుకున్నాడు. అదే ఏడు జర్మనీలో గ్మెలిన్ అనే రసాయనవేత్త తన పద్ధతిని అచ్చేశాడు. ముందెవరన్న తగువు మిగిలింది. బంకమట్టి, సోడా, గంధకం, బొగ్గు: ఇంతే సరుకు. రాజుల రాయి కాస్తా బట్టలు జాడించే గోలెంలోకి దిగింది, అక్కణ్ణుంచి సున్నం బకెట్లోకి.

తాండూరు చుట్టుపక్కలంతా సున్నపురాయే. కరణ్‌కోటలో సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ పెట్టింది అందుకే. ఆ రాయిని 900 డిగ్రీల వేడిలో కాల్చి, నీళ్ళు పోస్తే కుతకుతలాడుతుంది. గోడకు పూశాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని మళ్ళీ రాయవుతుంది. తడిగా ఉన్నప్పుడు వెనక గోడ కనబడుతూనే ఉంటుంది, ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. రాయిలో ఇనుము జాడలుంటే పసుపుఛాయ మిగులుతుంది. చిటికెడు నీలం ఆ పసుపును చంపేస్తుంది. తమాషా ఏమిటంటే, నీలం వేశాక గోడ తిప్పి పంపే వెలుతురు కొంచెం తగ్గుతుంది, మన కంటికి మాత్రం గోడ ఇంకా తెల్లగా తోస్తుంది. సున్నం ఘాటుకు ప్రష్యన్ నీలమైతే చెడిపోతుంది, ఈ నీలం చెక్కుచెదరదు.

చిన్న కిటికీల నాపరాతి ఇళ్ళకు ఈ తెలుపే దిక్కు. వాకిట్లో పడ్డ వెలుతుర్ని మూలమూలకూ చేర్చేది అదే. ఉత్తరపు గదిలోకి ఆకాశపు చల్లని వెలుతురొస్తుంది గనుక అక్కడ నీలం ఎక్కువైతే గది బూడిదబారుతుంది. సాయంత్రం పచ్చటెండ తగిలే పడమటి గది ఇంకాస్త ఓర్చుకుంటుంది. కింద పరిచిన తాండూరు బండ నీలమా, పసుపా అన్నదీ గోడమీద తేలుతుంది.

ఇప్పుడు దుకాణంలో ట్యూబ్‌లైటు కింద షేడ్ కార్డు చూసి ఎమల్షన్ తెచ్చుకుంటున్నాం. రంగులు వందలకు వందలు పెరిగాయి, గదిని చూసి రంగు కలిపే తీరు మాత్రం పోయింది. సున్నం రోజులు తిరిగి రావు గానీ, ఆ ఓపిక ఇప్పటికీ ఉచితమే. చిన్న డబ్బా తెచ్చి, ఏ గదికి ఆ గదిలో జానెడు పట్టీ వేసి ఆరనివ్వండి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, లైటు వేశాక చూడండి. పెయింటర్‌కు బయానా ఆ తర్వాతే.