పదో నంబరు నెట్‌వర్క్ మీద తగాదా

మన ఇంట్లో వైఫై డబ్బా అడ్రస్ ఎంత అని చూస్తే 192.168.1.1 అనో, 192.168.0.1 అనో ఉంటుంది. మీ ఇంట్లోనూ అదే, మా ఇంట్లోనూ అదే, డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడింట్లోనూ దాదాపు అదే. ఇంటర్నెట్‌లో ప్రతి మెషీనుకీ ఇంకెవరికీ లేని అడ్రస్ ఉండాలని కాలేజీలో చదువుకున్నాం కదా, మరి ఇదేంటి? ఇదేమీ ఎవరూ పట్టించుకోకుండా జరిగిపోయింది కాదు. 1994లో దీని మీద ఇంజినీర్లు గట్టిగానే వాదించుకున్నారు.

ఐపీ నాలుగో వెర్షన్‌ని 1981లో ఖాయం చేసినప్పుడు అడ్రసుకి 32 బిట్లిచ్చారు. అంటే సుమారు 429 కోట్ల అడ్రసులు. అప్పటికి అది సముద్రమే. తంటా అంతా పంపకంలో వచ్చింది. పెద్ద సంస్థకైతే క్లాస్ ఏ, అంటే ఒకేసారి కోటీ 67 లక్షలు. తర్వాతి వాళ్లకి క్లాస్ బీ, 65 వేల చిల్లర. చిన్నవాళ్లకి క్లాస్ సీ, 256. మధ్య సైజు లేదు. రెండు వేల కంప్యూటర్లున్నవాడు క్లాస్ బీ పట్టుకెళ్లి, మిగతాదంతా బీడు పెట్టేవాడు. 1993లో ఈ క్లాసుల గోల తీసేశారు గానీ, దాంతో కొంత ఊపిరి ఆడిందంతే.

1994 మార్చిలో ఆరెఫ్‌సీ 1597 వచ్చింది. యాకోవ్ రెఖ్టర్, డేనియల్ కారెన్‌బర్గ్, ఇంకో ఇద్దరు రాశారు. విమానాశ్రయంలో రాకపోకలు చూపించే బోర్డులకీ, షాపుల్లో బిల్లు కొట్టే మెషీన్లకీ బయటి ప్రపంచంతో పనేముంది, వాటికి ప్రపంచానికంతటికీ ఒక్కటే అయిన అడ్రస్ ఎందుకు అని వాళ్ల ప్రశ్న. అందుకని మూడు ముక్కలు పక్కన పెట్టారు: 10తో మొదలయ్యేవన్నీ (1990లో మూతపడ్డ ఆర్పానెట్ నంబరు ఇది), 172.16 నుంచి 172.31 దాకా, 192.168. ఎవర్నీ అడక్కుండా ఎవరైనా వాడుకోవచ్చు.

నాలుగు నెలలకే జవాబుగా ఆరెఫ్‌సీ 1627 వచ్చింది. దాని పేరే "నెట్‌వర్క్ 10 కన్సిడర్డ్ హార్మ్‌ఫుల్". గోటూ మీద డైక్‌స్ట్రా రాసింది చదివినవాళ్లకి ఆ పేరులోని కారం అర్థమవుతుంది :) ఎలియట్ లియర్, ఎరిక్ ఫెయిర్, డేవ్ క్రాకర్, థామస్ కెస్లర్ దీన్ని రాశారు. అడ్రస్ ఒక్కరికే ఉండటమన్నది ఇంటర్నెట్‌కి పునాది, దాన్ని మీరే తవ్వుతున్నారు అన్నారు. ఈ రోజు బయటితో పనిలేని మెషీనుకి రేపు పని పడదని ఎవరు చెప్పారు? రెండు కంపెనీలు వియ్యమందుకున్నాయనుకోండి, రెండిళ్లలోనూ ఒకే పేరున్న వాళ్లుంటే ఎవరి పేరు మార్చాలి? పైగా నలుగురిలో చర్చ జరగకుండా ఈ నిర్ణయం ఎలా తీసుకున్నారనీ నిలదీశారు. నాకైతే ఈ చివరిది అన్నిటికన్నా న్యాయమైన ప్రశ్న అనిపిస్తుంది.

ఈ తగాదా నడుస్తున్న రోజుల్లోనే, మే నెలలో, ఇంకో కాగితం వచ్చింది. ఆరెఫ్‌సీ 1631, నాట్. (వరి నాట్లు కావు లెండి.) అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ఊహించుకోండి. లోపలివాళ్లు రాసిన ప్రతి ఉత్తరం మీదా తన అడ్రస్ వేసి పంపిస్తాడు, ఎవరు ఎవరికి రాశారో పుస్తకంలో రాసుకుంటాడు. జవాబొస్తే పుస్తకం చూసి ఆ ఫ్లాటుకి ఇస్తాడు. పుస్తకంలో లేనివాళ్లు రాస్తే చెత్తబుట్టే. దీన్ని రాసినవాళ్లే ఇది దీర్ఘకాలం పనికొచ్చే మార్గం కాదని ఆ కాగితంలో చెప్పుకున్నారు. కానీ ఇది రావడంతో 1597 వాళ్ల మొదటి మాట కొట్టుకుపోయింది. బయటితో పనిలేని మెషీన్ల కోసమన్న అడ్రసులు, రోజంతా బయటితోనే మాట్లాడే మెషీన్లకి వచ్చేశాయి.

1996 ఫిబ్రవరిలో ఆరెఫ్‌సీ 1918తో రాజీ కుదిరింది. రాసినవాళ్లలో ఐదో పేరు చూడండి, ఎలియట్ లియర్! తిట్టినవాడినే పిలిచి కూర్చోబెట్టారన్నమాట. రేపు నెట్‌వర్కులు కలిసినప్పుడు గుద్దుకోకుండా ఉండాలంటే ఈ అడ్రసుల్లోంచి ఏదో ఒక ముక్క యాదృచ్ఛికంగా ఎంచుకోండి అన్న సలహా కూడా అందులో ఉంది. డబ్బాలు చేసేవాళ్లు అది చదవలేదో, చదివి నవ్వుకున్నారో గానీ, అందరూ 192.168.0, 192.168.1 పట్టుకు కూర్చున్నారు.

దాని ఫలితం 2020లో మా టీంలో చూశాం. ఒకతనికి ఇంటి నుంచి వీపీఎన్ ఎక్కుతుంది, అన్నీ వస్తాయి, ఒక్క టెస్ట్ సర్వర్ మాత్రం రాదు. ఆ సర్వర్ ఆఫీసులో ఏ అడ్రస్ మీద ఉందో, అదే అడ్రస్ మీద అతనింట్లో ప్రింటరుంది. ప్యాకెట్లన్నీ గుమ్మం దాటకుండా ప్రింటర్ దగ్గరికే పోతున్నాయి. 1627 వాళ్లు చెప్పిన వియ్యపు గొడవ ఇదే.

అలాగని నాట్‌ని అంతా తిట్టలేను. 2003 ఆగస్టులో బ్లాస్టర్ పురుగు వచ్చినప్పుడు, మోడెం నేరుగా తగిలించుకున్న విండోస్ ఎక్స్‌పీ మెషీన్లు పిట్టల్లా రాలిపోయాయి. రౌటర్ వెనకున్నవాళ్లు చాలామంది బతికిపోయారు. అందుకే "నాట్ అంటేనే సెక్యూరిటీ" అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. కాపాడింది వాచ్‌మన్ పుస్తకం, అడ్రస్ మార్చడం కాదు. అడ్రసులు ముట్టుకోకుండా ఆ పుస్తకం మామూలు ఫైర్‌వాల్ కూడా రాస్తుంది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 2011 ఫిబ్రవరి 3న ఐయానా దగ్గర చివరి అడ్రసులు పంచేశారు. 2012లో 100.64తో మొదలయ్యే ఇంకో ముక్క పక్కన పెట్టారు, కనెక్షన్ ఇచ్చే కంపెనీలే మన డబ్బాకి పైన రెండో నాట్ పెట్టుకోవడానికి. ఇంటి వాచ్‌మనైతే మన మాట వింటాడు, ఫలానా ఉత్తరం నాకివ్వు అంటే ఇస్తాడు. వీధి చివర కూర్చున్న కంపెనీ వాచ్‌మన్ మన మాట వినడు. మా ఇంట్లో చిన్న సర్వర్ ఒకటుంది, ఫోటోలు దాచుకోవడానికి. బయట నుంచి అది అందాలంటే స్టాటిక్ ఐపీ తీసుకోండి, నెలనెలా అదనం అన్నారు. అందుకే మన గుమ్మం దగ్గరి కెమెరాని మనం చూసుకోవడానికి కూడా, మధ్యలో ఎవరిదో సర్వర్ కావాల్సి వస్తోంది చాలా ఇళ్లల్లో.

ఐపీవీ6 ప్రమాణం 1995 డిసెంబర్‌లోనే వచ్చింది, అంటే 1918 కన్నా ముందే! మన దేశంలో 2016లో జియో వచ్చాక ఊపందుకుంది. మా డబ్బాలో ఇప్పుడది నడుస్తోంది, ఫోటోల సర్వర్‌కి దాని సొంత అడ్రసుంది, ఫోన్‌లో మొబైల్ డేటా మీద నేరుగా అందుతోంది. ఆఫీసు వైఫైలో మాత్రం అందదు. అక్కడింకా 10తో మొదలయ్యే అడ్రసులే.