మౌంటెన్ బైకింగ్‌లో టైరు గాలి

కొండదారుల్లో, అడవిబాటల్లో తొక్కే మౌంటెన్ బైకు టైర్లలో ఎంత గాలి ఉండాలనేది మనిషి బరువు, టైరు వెడల్పు, లోపల ట్యూబు ఉందా లేదా, కింద నేల ఎలాంటిది అన్న నాలుగు సంగతుల మీద ఆధారపడుతుంది. చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని చెప్పే పీఎస్ఐ కొలతే ఎక్కువ వాడుకలో ఉంది. ఐరోపాలో బార్లలో చెబుతారు. ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ. ఇప్పటి ట్యూబ్‌లెస్ టైర్లతో పెద్దవాళ్లు తొక్కేటప్పుడు గాలి చాలావరకు 20 నుంచి 30 పీఎస్ఐ మధ్యలో ఉంటుంది. కారు టైరుకే 32 కొట్టించుకునే మనకు ఇది మరీ తక్కువ అనిపిస్తుంది. టైరు రాయిలా ఉంటేనే సైకిలు తేలిగ్గా పోతుందన్న నమ్మకం నున్నటి రోడ్డు మీద నిజమే. కొండ మీద ఆ లెక్క తిరగబడుతుంది. రిమ్ము రాయికి తగలకుండా, మలుపులో టైరు పక్కకి ఒరిగిపోకుండా ఉండేంత గాలి చాలు. అంతకు మించి కొట్టిన ప్రతి పౌండూ పట్టును తినేస్తుంది.

లావు టైరు ఎక్కడినుంచి వచ్చింది

ఈ ఆట పుట్టుకలోనే లావు టైరు ఉంది. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, టమాల్పయిస్ కొండ చుట్టుపక్కల ఉండే కుర్రాళ్లు పాతకాలపు ష్విన్ సైకిళ్లను వెతికి మరీ తెచ్చుకునేవారు. 1933లో ష్విన్ కంపెనీ అమెరికాలో ప్రవేశపెట్టిన 2.125 అంగుళాల బెలూన్ టైర్లు వాటికి ఉండేవి. సన్నటి రేసు సైకిలు చక్రం సొట్టపోయే చోట ఈ లావు టైర్లు రాళ్లను మింగుకుంటూ దిగేవి. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫ్యాక్స్ దగ్గర ఒక మట్టిదారిలో వాళ్లు మొదటిసారి గడియారం పెట్టి పందెం వేసుకున్నారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దాదాపు 400 మీటర్ల దిగుడు. వెనక హబ్బులో ఉండే బ్రేకు వేడెక్కి గ్రీజంతా మాడి పొగైపోయేది. కిందికి చేరాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు దట్టించాల్సి వచ్చేది కాబట్టి ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. మరుసటి ఏడు జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ పెట్టిన కంపెనీ పేరే ‘మౌంటెన్ బైక్స్’.

ఆ తర్వాత రెండు దశాబ్దాలు టైరులో ట్యూబే రాజ్యం చేసింది. ట్యూబు పగలకుండా ఉండాలంటే గాలి ఎక్కువ కొట్టక తప్పదు. 40 పీఎస్ఐ అప్పట్లో మామూలు మాట. 1999లో మావిక్, మిషెలిన్, హచిన్‌సన్ కంపెనీలు కలిసి యూఎస్‌టీ అనే ట్యూబ్‌లెస్ పద్ధతిని తెచ్చాయి. దాని వెంటే చిల్లులు పూడ్చే, రబ్బరు పాలతో చేసిన సీలెంట్లు వచ్చాయి, రిమ్ములు లోపలివైపు 30 మిల్లీమీటర్ల దాకా వెడల్పయ్యాయి. ఈ మూడూ కలిసి 40ని 25కి దింపాయి.

నేలను తాకే చోటు

టైరు నేలను ఆనుకునే చోటు ఎంత ఉంటుందో సుమారుగా లెక్క కట్టవచ్చు. ఆ చక్రం మీద పడే బరువును లోపలి గాలి పీడనంతో భాగిస్తే చాలు. టైరు గోడలు కూడా కొంత బరువు మోస్తాయి గనుక ఇది కచ్చితమైన లెక్క కాదు, కానీ సంగతి బోధపడుతుంది. 75 కిలోల మనిషి, సైకిలు, నీళ్ల సంచి కలిపి 90 కిలోలు అనుకుందాం. సీటు మీద కూర్చుంటే అందులో ఇంచుమించు అరవై శాతం, అంటే 54 కిలోలు, వెనక చక్రం మీద పడుతుంది. 35 పీఎస్ఐ దగ్గర ఆ చక్రం నేలను 22 చదరపు సెంటీమీటర్ల మేర తాకుతుంది. 25కి దించితే 31 అవుతుంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద చోటు రెండు అగ్గిపెట్టెలకు దగ్గరపడిందన్నమాట. మనిషి ప్రాణం ఆనుకుని ఉండే చోటు ఆ మాత్రమే.

పట్టు పెరగడం ఒక్కటే కాదు. గట్టి టైరు ప్రతి గులకరాయి మీదా ఎగిరి పడుతుంది. ఎగిరినప్పుడల్లా మనిషీ సైకిలూ కలిసి పిసరంత పైకి లేస్తాయి. ఆ లేపడానికయ్యే శ్రమ ముందుకు పోయే వేగంలోంచే ఖర్చవుతుంది. మెత్తటి టైరు రాయి చుట్టూ తానే వంగి, రాయిని తనలోకి తీసుకుని దాటిపోతుంది. గరుకు దారిలో గాలి తగ్గిస్తే వేగం పెరగడం చాలామందికి ఒకపట్టాన నమ్మబుద్ధి కాదు. చేతులకు తెలిసే అదురును మనసు వేగంగా లెక్కేసుకోవడమే దీనికి కారణం కావచ్చు.

వెడల్పు విషయంలో ఒక మెలిక ఉంది. టైరు గోడలోని బిగువు పీడనాన్ని బట్టే కాక, టైరు గొట్టం లావును బట్టి కూడా పెరుగుతుంది. 2.4 అంగుళాల టైరులోనూ 1.2 అంగుళాల టైరులోనూ ఒకే గాలి కొడితే లావుదాని గోడ రెట్టింపు బిగుస్తుంది. అందుకే సన్న టైరుకు చాలని గాలి లావు టైరుకు ఎక్కువవుతుంది. ఇసుకలో, మంచులో తిరిగే నాలుగైదు అంగుళాల ఫ్యాట్ బైకు టైర్లకు 5 నుంచి 10 పీఎస్ఐ సరిపోయేది ఇందువల్లే.

గాలి మరీ తగ్గితే

టైరు రాయి మీద పూర్తిగా నలిగి, రిమ్ము అంచు రాయికి కొట్టుకుంటుంది. మధ్యలో ట్యూబు ఉంటే రెండు అంచుల కిందా నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. పంచరు వేసేవాళ్లు దాన్ని చూడగానే గుర్తుపడతారు. అచ్చం పాము రెండు కోరలు దిగినట్టు ఉంటుంది, ఇంగ్లీషులోనూ దాన్ని పాముకాటనే అంటారు. ట్యూబ్‌లెస్‌లో నలగడానికి ట్యూబు లేదు గానీ, దెబ్బ గట్టిదైతే అల్యూమినియం రిమ్ము సొట్టపోతుంది, కార్బన్ రిమ్ము పగులుతుంది. ఒక్కోసారి టైరు గోడే తెగుతుంది.

ఇంకో ఇబ్బంది మలుపుల్లో వస్తుంది. వేగంగా వాలి తిరిగేటప్పుడు గాలి చాలని టైరు రిమ్ము మీద పక్కకి ఒరిగి, అంచు ఒక్క క్షణం విడిపోయి భుస్సుమని గాలి కక్కుతుంది. సీలెంటు చుక్కలు కాళ్ల మీద పడతాయి. తొక్కేవాళ్లు దీన్ని టైరు తేనుపు అంటారు. ఒకసారి తేనిస్తే మూడు నాలుగు పౌండ్లు పోవచ్చు. అప్పటికే తక్కువగా ఉన్న టైరు ఇంకా తగ్గి, తరవాతి మలుపు ప్రమాదంగా మారుతుంది.

మొదలుపెట్టే అంకె

2.3 లేదా 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకు ఒక మోటు లెక్క చాలాకాలంగా వాడుకలో ఉంది. మనిషి బరువును పౌండ్లలోకి మార్చి ఏడుతో భాగించాలి. వచ్చిన అంకెలోంచి ఒకటి తీస్తే ముందు చక్రానికి, రెండు కలిపితే వెనక చక్రానికి. 75 కిలోలంటే 165 పౌండ్లు, ముందు 22.5, వెనక 25.5 వస్తాయి. ట్యూబు ఉంటే నాలుగైదు పౌండ్లు కలుపుకోవాలి. టైరు లోపల నురగ పట్టీ వేయించుకున్నవాళ్లు రెండు మూడు తగ్గించుకోవచ్చు. దిగుడు పందేలకు చేసిన మందపు గోడ టైరు తక్కువ గాలిని తట్టుకుంటుంది గానీ, ఆ టైర్లు వేసుకునేవాళ్లు రాళ్లను ఢీకొట్టే వేగం చూస్తే ఆ మిగులు అక్కడికక్కడే సరిపోతుంది.

ముందు చక్రంలో తక్కువ ఎందుకంటే దాని మీద బరువు తక్కువ. పైగా సైకిలును తిప్పేది అదే. వెనక చక్రం జారితే సర్దుకోవడానికి సమయం ఉంటుంది; ముందుది జారితే మనిషి నేల మీద ఉంటాడు.

టైరు గోడ మీద, రిమ్ము మీద అచ్చేసిన గరిష్ఠ పీడనాన్ని మాత్రం దాటకూడదు. రెండింటిలో ఏది తక్కువో అదే హద్దు. ఆ అచ్చులో ఉన్నది హద్దే గానీ సలహా కాదు. కొత్తగా కొన్నవాళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

నేలను బట్టి

యూటా రాష్ట్రంలో మోయాబ్ దగ్గరి స్లిక్‌రాక్ దారి ఈ విషయానికి మంచి పాఠం. గుర్రాల ఇనప లాడాలు జారుతుండేవని తొలినాళ్ల వలసదారులు ఆ ఇసుకరాతికి జారుడుబండ అని పేరు పెట్టారు. అదే బండ రబ్బరుకు గరుకు కాగితంలా పట్టిస్తుంది. పట్టుకు కరువు లేదు గనుక అక్కడ మెత్తటి టైరుతో పెద్దగా లాభం లేదు. నిటారు గుంతల్లోకి దిగి ఎక్కేటప్పుడు టైరు ఊగిపోకుండా రెండు పౌండ్లు ఎక్కువ ఉండటమే మేలు. తడిసిన వేళ్లు, పాకుడు పట్టిన రాళ్లు ఉన్న అడవిలో దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ ఉన్నదంతా పట్టు కోసం పాట్లే, రెండు పౌండ్లు దించాలి.

హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టలు ఈ రెండింటికీ చెందవు. ఉత్త బండ మీద టైరు బాగానే కరుచుకుంటుంది. కానీ బండ చివికి రాలిన మొరం దాని మీద పరుచుకుని ఉంటే గోళీల మీద నడిచినట్టే. అక్కడ గాలి తగ్గించడం కొంతవరకే సాయం. తరవాత టైరు మీది బొడిపెలు ఎలాంటివన్నదే పట్టును నిర్ణయిస్తుంది. పైగా బండ అంచులు పదునుగా ఉంటాయి కనుక మరీ దించితే రిమ్ముకే చేటు.

మనకు పంచరు అనగానే గుర్తొచ్చే పల్లేరుకాయ అమెరికా నైరుతి ఎడారుల్లోనూ సైకిళ్లకు పెద్ద శత్రువు. పాత ప్రపంచం నుంచి వెళ్లి అక్కడ పాతుకుపోయిన మొక్క అది. పంచరు తీగ అని వాళ్లు దానికి పేరు కూడా పెట్టుకున్నారు. గాలి ఎక్కువైనా తక్కువైనా ఆ ముల్లు దిగాల్సినంతా దిగుతుంది, దానికి విరుగుడు సీలెంటే. వేడి ప్రాంతాల్లో సీలెంటు రెండు మూడు నెలలకే ఆరిపోతుంది, చూసి పోసుకుంటుండాలి.

అంకె కాదు, గేజీ

సైకిలు కొట్టు ముందు బొటనవేలితో టైరు నొక్కి, సరిపోయింది అనడం మనకు అలవాటు. మందపు గోడ ఉన్న కొండ టైరులో 22కీ 28కీ తేడా బొటనవేలికి తెలియదు. తొక్కాక మాత్రం ఆ తేడా తెల్లారేసరికి ఒళ్లంతా చెబుతుంది. నిలబెట్టి కొట్టే పంపు గేజీ కూడా అంత నమ్మదగింది కాదు. 160 దాకా చూపే గడియారంలో మూడు శాతం తప్పంటేనే దాదాపు ఐదు పౌండ్లు. ఒక పౌండు కోసం గంటలకొద్దీ వాదించుకునేవాళ్లలో చాలామంది గేజీలు ఒకదానికొకటి మూడేసి పౌండ్లు తేడా చూపుతుంటాయి. అందుకని ఒకరి అంకె ఇంకొకరికి చెప్పుకోవడానికే గానీ, వాడుకోవడానికి అంతగా పనికిరాదు. తక్కువ పీడనాలు కొలిచే చిన్న గేజీ ఒకటి కొనుక్కుని, ఎప్పుడూ దాంతోనే చూసుకుంటే అది తప్పు చూపినా ప్రతిసారీ అంతే తప్పు చూపుతుంది. కావలసింది అదే.

పంపు తల పీకేటప్పుడు వచ్చే భుస్సు చప్పుడు విని టైరు గాలి పోయిందని కంగారుపడి మళ్లీ కొట్టేవాళ్లు ఉన్నారు. సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వులో ఆ చప్పుడు పంపు గొట్టంలో మిగిలిన గాలిది. టైరులో గాలి నిజంగా కాస్త తగ్గేది పంపు తగిలించేటప్పుడు, ఖాళీ గొట్టం నిండడానికి.

సొంత అంకె పట్టుకోవడానికి ఒక పూట చాలు. రాళ్లు, వేళ్లు, ఒకటి రెండు మలుపులు ఉన్న ఐదు నిమిషాల బాట ఎంచుకుని, 28తో మొదలుపెట్టి ప్రతి చుట్టుకూ రెండేసి పౌండ్లు దించుతూ పోవాలి. మొదట చేతులకు అదురు తగ్గుతుంది. తరవాత ఎక్కుడులో వెనక చక్రం ఊరికే తిరిగిపోవడం మానుతుంది. ఇంకా దించితే ఒకచోట రిమ్ము రాయికి ఠంగుమని తగులుతుంది, లేదా మలుపులో టైరు కింద మెలికలు తిరుగుతున్నట్టు తెలుస్తుంది. అక్కడినుంచి రెండు పైకి వచ్చి ఆగాలి. రోజంతా తొక్కితే ఒకసారి రిమ్ము తగలడం మామూలే. నాలుగైదు సార్లు తగిలిందంటే ఒక పౌండు కలుపుకోవాలి.

చలి, ఎత్తు

గాలి కొట్టిన చోటూ తొక్కే చోటూ వేరైతే అంకె మారుతుంది. చలి పీడనాన్ని తగ్గిస్తుంది, ఎత్తు గేజీ అంకెను పెంచుతుంది. శీతకాలంలో విశాఖపట్నంలో 28 డిగ్రీల దగ్గర 25 పీఎస్ఐ కొట్టి, అరకులో తెల్లవారుజామున 8 డిగ్రీలప్పుడు సైకిలు దించారనుకుందాం. చలివల్ల రెండున్నర పౌండ్లకు పైగా పోతాయి. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉండటంతో బయటి గాలి పలచబడి ఒకటిన్నర తిరిగి వస్తుంది. గేజీ 24 చూపుతుంది. ఎండ ఎక్కేకొద్దీ అది మళ్లీ 25 దాటి పోతుంది కనుక, పొద్దున్నే ఒక పౌండు కొట్టినవాళ్లు మధ్యాహ్నం దిగుడుకు ముందు దాన్ని తీసేయాలి.