సెలవు దినాల చరిత్ర: సహకార బ్యాంకులు, సైబర్ భద్రత, మహేష్ బ్యాంకు ఉదంతం

సహకార పరపతి ఉద్యమానికి 1904 నాటి చట్టం రూపమిచ్చింది. పరస్పర విశ్వాసం దానికి పునాది, ఏటేటా జరిగే ఆడిట్ దానికి కాపలా. ఖాతా పుస్తకం కంప్యూటరులోకి మారిన తరువాత కూడా ఆ కాపలా చాలాకాలం కాగితం మీదనే నిలిచిపోయింది.

2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ సహకార బ్యాంకు నుండి సుమారు 94 కోట్ల రూపాయలు అపహరణకు గురయ్యాయి. అదే ఏడాది అక్టోబరు 19న రిజర్వు బ్యాంకు పట్టణ సహకార బ్యాంకులకు ప్రాథమిక సైబర్ భద్రతా చట్రాన్ని ప్రకటించింది. 2019 డిసెంబరు 31న దానిని అంచెలవారీగా విస్తరించింది. అంటే నిబంధనలు ఉన్నాయి. అయినప్పటికీ 2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పీ. మహేష్ సహకార పట్టణ బ్యాంకు నుండి 12 కోట్ల రూపాయలకు పైగా తరలిపోయాయి.

పోలీసు దర్యాప్తు ప్రకారం, దాడి అసలు ఆరంభం 2021 నవంబరు. సిబ్బందికి వచ్చిన సుమారు 200 మోసపూరిత ఈమెయిళ్ళలో ఒకటిరెండు తెరుచుకోవడమే చాలింది. దూరం నుండి కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేర్ లోపలికి చేరింది. రెండు నెలలపాటు ఎవరూ దానిని గుర్తించలేదు. నా దృష్టిలో ఈ ఉదంతంలోని అసలు వైఫల్యం ఆ రెండు నెలలే. చొరబాటును పూర్తిగా ఆపడం ఏ సంస్థకూ సాధ్యం కాదు. చొరబడినవానిని త్వరగా పసిగట్టడం, ఒక గదిలోని నిప్పు మరో గదికి పాకకుండా నెట్‌వర్కును విభజించడం మాత్రం సాధ్యమే.

తేదీలను గమనించాలి. మహేష్ బ్యాంకు దోపిడి బయటపడిన జనవరి 24 సోమవారం; దానికి ముందు నాలుగో శనివారం, ఆదివారం. కాస్మోస్‌పై దాడి మొదలైన ఆగస్టు 11 రెండో శనివారం. 2016లో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు 8.1 కోట్ల డాలర్లు కోల్పోయినదీ అక్కడి వారాంతపు సెలవు ముంగిటనే. దొంగలు బ్యాంకుల క్యాలెండరును తనిఖీదారులకన్నా శ్రద్ధగా చదివారు! విధానపత్రం ఉన్నదా అని అడిగే తనిఖీకి, సెలవునాటి అర్ధరాత్రి లావాదేవీలను నిలిపివేసే అధికారం ఎవరికున్నదో తెలియదు.

2023లో రిజర్వు బ్యాంకు మహేష్ బ్యాంకుపై 65 లక్షల జరిమానా విధించింది. జరిమానా నిబంధనోల్లంఘనను నమోదు చేస్తుంది. పోయిన సొమ్మును తిరిగి తేదు.

ఇది నగరానికే పరిమితమైన చర్చ కాదు. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 2,516 కోట్లతో 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల కంప్యూటరీకరణకు ఆమోదం తెలిపింది. గట్టు వంటి సరిహద్దు మండలాల రైతుల పంట రుణాల లెక్కలను మోసేవి ఇటువంటి సంఘాలే. వాటిలో చాలావాటికి ప్రత్యేక సాంకేతిక సిబ్బంది ఉండరు, కార్యదర్శే అన్నీ చూసుకుంటాడు.