రాష్ట్రపతి పదవి – మతప్రసక్తి: 1967 నాటి ఎన్నిక

మన దేశమున సామాన్యునికి ఓటుహక్కు లభించుటకు ఎంతయో పూర్వమే ఓటర్ల జాబితాలోనికి మతము ప్రవేశించినది. 1909 నాటి మింటో–మార్లే సంస్కరణలు ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గములు కల్పించి, ముస్లిము ప్రతినిధిని ముస్లిములే ఎన్నుకొనవలెనను పద్ధతిని నెలకొల్పగా, 1919, 1935 సంవత్సరముల చట్టములు దానిని మరికొన్ని వర్గములకు సైతము విస్తరింపజేసినవి. ఈ పద్ధతివలన వాటిల్లిన అనర్థము కేవలము స్థానముల పంపకమునకు సంబంధించినది కాదు; ఒకే వీధిలో కాపురమున్న ఇరుగుపొరుగువారిలో ఒకరు అభ్యర్థిగా నిలిచినపుడు, అన్యమతస్థుడైన రెండవవాని గడప తొక్కి ఓటడుగవలసిన అవసరమే ఆయనకు లేకపోయెను. ఓటడుగ నక్కరలేని వాని కష్టసుఖములను విచారింప నక్కరయు లేదు గదా! నలువదియేండ్లు దేశమును వేరుచేసిన ఈ యేర్పాటును రాజ్యాంగ నిర్మాతలు సమూలముగా తొలగించి, మతకారణమున ఎవనినైనను ఓటర్ల జాబితానుండి మినహాయింపరాదని 325వ అధికరణమున శాసించిరి.

రాష్ట్రపతి పదవి విషయమునను వారు ఈ సూత్రమునే పాటించిరి. భారత పౌరుడై, ముప్పదియైదేండ్లు నిండి, లోక్‌సభ సభ్యత్వమునకు అర్హుడైన వ్యక్తి ఈ పదవికి పోటీ చేయవచ్చునని చెప్పిన 58వ అధికరణమున మతము మాటయే కానరాదు. పొరుగుననున్న పాకిస్తాను 1956లో రచించుకొనిన రాజ్యాంగము దేశాధ్యక్షుడు ముస్లిమై యుండితీరవలెనని విధించుటను తలచిన, మనవారి దీక్ష ఎంతటిదో తెలియగలదు. విభజన రేపిన గాయము మానకమునుపే, శరణార్థుల శిబిరములు ఇంకను నిండియున్న దినములలో, వారు ఈ నిర్ణయము గావించిరి.

అయినను చట్టమున లేని నిషేధము జనుల మనస్సులలో ఉండవచ్చును. అమెరికా రాజ్యాంగము ఏ పదవికైనను మతపరీక్ష పనికిరాదని 1787లోనే ప్రకటించినది. కాని న్యూయార్కు గవర్నరుగా నాలుగు పర్యాయములు ఎన్నికైన ఆల్ స్మిత్ 1928లో అధ్యక్షపదవికి నిలువగా, ఆయన కాథలిక్కు గావున పోపు ఆజ్ఞకు లోబడి పాలించునను ప్రచారము దేశమంతట అల్లుకొనెను. ఆర్థిక సౌభాగ్యము, మద్యనిషేధ వివాదము ప్రత్యర్థియైన హూవరునకు కలిసివచ్చిన మాట వాస్తవమే. కాని తరతరములుగా డెమొక్రాటిక్ పార్టీని వీడని టెక్సాస్, వర్జీనియా వంటి దక్షిణ రాష్ట్రములు సైతము ఆ యేడు స్మిత్‌ను విడనాడుటకు మతద్వేషము ఒక ప్రధాన హేతువు. 444 ఎలక్టోరల్ ఓట్లకు ఎదురుగా ఆయనకు దక్కినవి 87 మాత్రమే. తరువాత ముప్పదిరెండేండ్లకు మరియొక కాథలిక్కు అభ్యర్థి కెన్నెడీ, హ్యూస్టన్ నగరమున ప్రొటెస్టెంటు మతబోధకుల సభకు స్వయముగా వెళ్లి, తన మతము తన పాలనకు అడ్డురాదని వివరించి, స్వల్పాధిక్యముతో గెలిచెను. తొలి అధ్యక్షుని ఎన్నికనుండి లెక్కించినచో ఆ దేశమునకు ఈ మెట్టు ఎక్కుటకు 170 ఏండ్లకు పైగా పట్టినది.

మన గణతంత్రమునకు అట్టి పరీక్ష పదునేడేండ్లకు ఎదురయ్యెను. 1967 సార్వత్రిక ఎన్నికలలో కాంగ్రెసు 520 స్థానములు గల లోక్‌సభలో 283తో సరిపెట్టుకొని, పెక్కు రాష్ట్రములలో అధికారమును కోల్పోయినది. రాష్ట్రపతి రాధాకృష్ణపండితుని పదవీకాలము ముగియవచ్చెను. ఆయననే మరల నిలుపవలెనని కాంగ్రెసు అధ్యక్షుడు కామరాజు అభిమతము; ఉపరాష్ట్రపతియైన జాకీర్ హుస్సేన్‌ను నిలుపవలెనని ప్రధాని ఇందిరాగాంధి పట్టుదల. అంతకుపూర్వము జరిగిన మూడు ఎన్నికలలో కాంగ్రెసు అభ్యర్థి విజయమును శంకించినవారు లేరు. ఇపుడు బలము సన్నగిల్లినది. పైగా ఓటు రహస్యము. ముస్లిము అభ్యర్థికి స్వపక్షమువారే చాటున ఓటు తప్పింతురేమో అను సంశయము ఢిల్లీలో వ్యాపించెను.

పోటీపడిన ప్రముఖు లిరువురును మన నేలతో సంబంధము గలవారగుట తెలుగువారికి విశేషము. జాకీర్ హుస్సేన్ 1897లో హైదరాబాదున, అచ్చట న్యాయవాదవృత్తిలో నుండిన తండ్రికి జన్మించెను. సహాయ నిరాకరణోద్యమమున జామియా మిల్లియా స్థాపనలో పాల్గొని, బెర్లినులో అర్థశాస్త్రమున డాక్టరేటు పొంది, తిరిగివచ్చి ఆ విద్యాపీఠమునకే జీవితము ధారవోసెను. నెలకు 150 రూపాయలకు మించని జీతముతో ఇరువదియేండ్లు పనిచేయుదుమని ఆయనయు సహచరులును ప్రతిజ్ఞ పట్టి ఆ సంస్థను నిలువబెట్టిరి. ప్రతిపక్షములు నిలిపిన కోకా సుబ్బారావు రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, పిదప భారత ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. ప్రాథమిక హక్కులను హరించు అధికారము పార్లమెంటునకు లేదని 1967 ఫిబ్రవరిలో గోలకనాథ్ వ్యాజ్యమున ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో వెలువడిన తీర్పు ఆయన కీర్తికి పతాక. ఏప్రిలులో ఆయన పదవికి రాజీనామా యొసగి బరిలో దిగెను. స్వతంత్ర, జనసంఘము మున్నగు పక్షములు ఆయనను బలపరచినవి.

విజయావకాశములను అంచనా వేయుటకు ఓట్ల గణితము తెలియవలెను. 1961 లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశ్ జనసంఖ్య సుమారు 3 కోట్ల 60 లక్షలు; శాసనసభ స్థానములు 287. జనసంఖ్యను స్థానముల సంఖ్యచే భాగించి, లబ్ధమును వేయిచే భాగింపగా వచ్చు 125 మన శాసనసభ్యు డొక్కని ఓటు విలువ. అట్లే ఉత్తరప్రదేశ్ సభ్యుని ఓటు విలువ 174. పార్లమెంటు సభ్యునిది 576. అనగా ఏ పార్లమెంటు సభ్యుడైనను చాటుమాటున మనసు మార్చుకొనినచో ఒక పక్షమున 576 తగ్గి వేరొక పక్షమున 576 పెరుగును. ఇట్టివారు నూరుమంది ఏకమైనను లెక్క తలక్రిందు లగును.

మే నెలలో ఫలితము తెలిసెను. పదునేడుగురు అభ్యర్థులలో తొమ్మండుగురికి ఒక్క ఓటైనను రాలేదు. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావునకు 3,63,971 ఓట్లు లభించినవి. భయపడినట్లు స్వపక్షము చీలిపోలేదు. ఓట్లు ప్రధానముగా పక్షముల బలాబలములనే అనుసరించినవి. ఒకప్పుడు ముస్లిముకు ముస్లిములే ఓటు వేయవలెనని శాసించిన దేశమున, అధికసంఖ్యాకులు హిందువులైన ప్రతినిధులు ముస్లిము నొకనిని ప్రథమ పౌరునిగా ఎన్నుకొనిరి. భారతదేశమంతయు తన గృహమనియు, ప్రజలెల్లరు తన కుటుంబమనియు నూతన రాష్ట్రపతి ప్రమాణస్వీకార సమయమున పలికిన భావమునకు ఈ ఎన్నికయే భాష్యము.

ఈ విజయమును మెచ్చుకొనునపుడు దాని పరిమితులను గుర్తించుట చరిత్రకారుని ధర్మము. ఓటు వేసినవారు నాలుగు వేల పైచిలుకు శాసనకర్తలే గాని కోటానుకోట్ల ప్రజలు కారు. కావున గ్రామగ్రామమున మతము మాసిపోయినదనుటకు ఇది సాక్ష్యము కాజాలదు. అంతకంటె సూక్ష్మమైన విషయ మింకొకటి కలదు. జాకీర్ హుస్సేన్ ఓడినచో లౌకికవాదమే ఓడునని ఆయన మిత్రులు వాదించిరి. సదుద్దేశముతో నన్నదైనను ఆ మాట సైతము అభ్యర్థి విద్వత్తును, ఇరువదియేండ్ల త్యాగమును వెనుకకు నెట్టి, మతమునే ముందు నిలిపినది. సుబ్బారావునకు ఓటు వేసినవారందరు మతవిద్వేషులని భావించుటయు అంతటి అన్యాయమే. వారిలో హక్కుల పరిరక్షణకై ఆయనను కోరినవారు ఎందరో కలరు.

కావున మతము ఓటును తగ్గింపకుండుట సగము న్యాయము. పెంచకుండుట తక్కిన సగము. 1967లో మొదటి సగమును సాధించితిమి. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ పదవిలో నుండగనే దివంగతుడు కాగా, తరువాతి ఎన్నికలో వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి అను తెలుగువా రిరువురు తలపడిరి. అపుడు దేశము చర్చించినది వారి రాజకీయములనే. ఏ మతస్థుడు నిలిచినను అట్టి చర్చయే జరుగవలెను. అభ్యర్థి గెలుచునా యని లెక్కవేయువారు ఆయన చేసిన పనిని, నమ్మిన సిద్ధాంతమును, వెనుక నిలిచిన పక్షముల బలమును లెక్కలోనికి తీసికొని, మతమునకు గడి కేటాయింపని నాడే రాజ్యాంగ నిర్మాతల ఆశయము సంపూర్ణముగా నెరవేరినట్లగును.